అణాకో దోమ

మలేరియా గుట్టు సికింద్రాబాద్‌లో రట్టయిందని బడి పుస్తకంలోనే చదువుకున్నాం. కనిపెట్టింది సర్ రోనాల్డ్ రాస్, సంవత్సరం 1897. పరీక్షలో ఒక మార్కు. ఆ ఒక్క మార్కు వెనక ఉన్న అణాలు, చెమట, పిచ్చుకలు, తగాదాలు, కూడికలు మాత్రం పుస్తకంలో పట్టలేదు. వాటిలో కొన్ని ఇవి.

దోమతెర లోపల దోమలుండేవని మీకు తెలుసా?

దోమలు లోపలికి రాకుండా కట్టుకునేది దోమతెర. రాస్ మంచానికి కట్టించిన తెరలో దోమలు లోపలే ఉండేవి, మనిషితో సహా. చలిజ్వరం రోగిని తెరలో పడుకోబెట్టి, పిల్ల దశ నుంచి పెంచిన దోమల్ని లోపలికి వదిలి, అవి కడుపునిండా తాగాక ఒక్కొక్కటే సీసాలోకి పట్టేవాళ్లు. ఆ మంచం మీది మనుషుల్లో చరిత్రకెక్కినవాడు హుసేన్ ఖాన్. కుట్టించుకున్న దోమకు అణా చొప్పున కూలి. పదహారు దోమలు కుడితే రూపాయి అన్నమాట. వైద్యశాస్త్రంలో ఇంత చవక బేరం ఇంకోటి దొరకడం కష్టం.

ఆ డాక్టరుకు డాక్టరు కావాలనే లేదని?

రాస్ పుట్టింది 1857 మే 13న, అల్మోడాలో. మీరట్‌లో సిపాయిలు తిరగబడి అప్పటికి మూడు రోజులు. తండ్రి సైన్యంలో పెద్ద అధికారి. కుర్రాడికేమో కవిత్వం, బొమ్మలు, సంగీతం. తండ్రి వైద్యమే చదవాలన్నాడు. లండన్‌లోని సెయింట్ బార్తొలోమ్యూ ఆసుపత్రిలో చేరి, చదువు మీద ధ్యాస లేక ఒక పరీక్ష తప్పి, కొన్నాళ్లు ఓడ డాక్టరుగా అట్లాంటిక్ దాటుతూ గడిపి, చివరికి 1881లో ఇండియన్ మెడికల్ సర్వీసులో కుదురుకున్నాడు. మద్రాసు ప్రెసిడెన్సీలో కొలువు. డ్యూటీ తక్కువ, తీరిక ఎక్కువ. ఆ తీరికలో నవలలు రాశాడు, గణితం తనంతట తాను నేర్చుకున్నాడు. ఈ గణితాన్ని గుర్తుపెట్టుకోండి, తర్వాత పని పడుతుంది.

బెంగళూరులో 1883లో ఆయన బంగళాలో దోమలు మరీ ఎక్కువగా ఉండేవట. వెతికితే కిటికీ పక్కనున్న నీళ్ల పీపాలో దోమ పిల్లలు పురుగుల్లా కదులుతూ కనిపించాయి. పీపా బోర్లించాడు, దోమలు తగ్గాయి. ఆయన తర్వాతి జీవితమంతా ఒకరకంగా ఆ పీపా బోర్లించడమే.

మలేరియా క్రిమి ఉందంటే ఆయనే నమ్మలేదని?

అల్జీరియాలో ఫ్రెంచి సైనిక వైద్యుడు లావెరాన్ 1880లోనే రోగి నెత్తురులో మలేరియా పరాన్నజీవిని చూశాడు. మన రాస్ ఏళ్లతరబడి ఆ మాట కొట్టిపారేశాడు. పేగుల్లో ఏదో తేడా వల్లే ఈ జ్వరమని పత్రికల్లో వాదించాడు కూడా. 1894లో సెలవు మీద లండన్ వెళ్లినప్పుడు ప్యాట్రిక్ మాన్సన్ ఆయన్ని కూర్చోబెట్టి మైక్రోస్కోప్‌లో క్రిమిని చూపించాడు. అప్పుడు నమ్మాడు. ఒక రోజు ఆక్స్‌ఫర్డ్ స్ట్రీట్‌లో నడుస్తూ మాన్సన్ తన అనుమానం బయటపెట్టాడు: దీన్ని మోసేది దోమే అయి ఉండాలి.

మాన్సన్‌కు ఆ అనుమానం గాల్లోంచి రాలేదు. 1877లో చైనాలోని అమోయ్ రేవులో, బోదకాలు తెచ్చే ఫైలేరియా పురుగు దోమ కడుపులో పెరుగుతుందని చూపించినవాడు ఆయనే. తప్పటడుగూ ఆయనదే. దోమ ఒక్కసారే కుట్టి, నీళ్లలో గుడ్లు పెట్టి అక్కడే చస్తుందనీ, ఆ నీళ్లు తాగినవాళ్లకు రోగం వస్తుందనీ అనుకున్నాడు.

ఆ మాట పట్టుకుని రాస్ 1895లో సికింద్రాబాద్‌లో ఏం చేశాడో చదివితే ఇప్పుడు ఒళ్లు జలదరిస్తుంది. రోగి నెత్తురు తాగిన దోమలు చచ్చిన నీళ్లను, డోలీ మోసే లచ్మన్ అనే ఆరోగ్యవంతుడైన యువకుడి చేత తాగించాడు. లచ్మన్‌కు జ్వరం వచ్చింది. రాస్ ఎగిరి గంతేశాడు. రెండు మూడు రోజుల్లో జ్వరం పోయింది, నెత్తురులో క్రిమి జాడ లేదు. ఇంకొందరి చేత తాగించినా తేలిందేమీ లేదు. లచ్మన్ ఒప్పుకునే తాగాడంటారు. 1895లో, దండులో, తెల్లదొర ముందు డోలీ మోసేవాడి ఒప్పుకోలుకు ఎంత విలువో మీరే లెక్కకట్టుకోండి.

ఆగస్టు 20న ఆయన దగ్గర మిగిలిన మైక్రోస్కోప్ ఎలా ఉందో?

ఇది కాస్త నింపాదిగా చెప్పుకోవాలి.

రెండేళ్లు రాస్ కోసినవన్నీ తప్పు జాతి దోమలే. ఇప్పుడు మనం క్యూలెక్స్, ఈడిస్ అంటున్నవి. ఆయన వాటిని బూడిదరంగువి, చారలవి అని పిలుచుకునేవాడు. దోమల జాతుల గురించి చెప్పే పుస్తకం చేతిలో లేదు. వందల దోమల్ని నిలువునా చీల్చి అంగుళం అంగుళం వెతకడం, ఏమీ దొరక్కపోవడం, మళ్లీ మొదలుపెట్టడం. మధ్యలో నీలగిరుల్లో సిగూర్ ఘాట్‌కు వెళ్లి తానే మలేరియా తెచ్చుకున్నాడు.

బేగంపేట ఆసుపత్రి గది చిన్నది, ఇరుకు. వానలు సరిగా పడని ఆగస్టు, ఒకటే ఉక్క. పంకా లాగిద్దామంటే చీల్చి పెట్టిన దోమ రెక్కా కాలూ గాలికి ఎగిరిపోతాయి. పంకా ఆపితే కంటి మీద ముసిరే చిన్న ఈగలు. నుదుటి మీంచీ చేతుల మీంచీ కారిన చెమటకు మైక్రోస్కోప్ మరలు తుప్పు పట్టాయి. మిగిలిన ఒక్క కంటి అద్దం బీటలు వారింది. ఆ బీటల అద్దంలోంచే చూశాడు.

ఆగస్టు 16న హుసేన్ ఖాన్‌ను కుట్టినవి కొత్తరకం దోమలు, రెక్కల మీద మచ్చలున్నవి. వాటిలో కొన్ని మధ్యలోనే చచ్చాయి, కొన్నింటిని కోసినా ఏమీ కనబడలేదు. 20వ తేదీకి మిగిలింది ఒకటి రెండే. మధ్యాహ్నం ఒకదాన్ని కోశాడు. కళ్లు లాగుతున్నాయి, ఇక చాలనుకుంటూనే దోమ కడుపు గోడ మీద అద్దం జరిపాడు. అక్కడ గుండ్రని కణం ఒకటి. పక్కన ఇంకోటి. ఒక్కోటి దాదాపు 12 మైక్రాన్ల వెడల్పు. దోమ కడుపులో అలాంటి కణాలు ఉండకూడదు. పైగా వాటిలో నల్లని పొడిలాంటి రేణువులు. మలేరియా క్రిమి మనిషి నెత్తురులో ఉన్నప్పుడు కనిపించే రేణువులు అచ్చం అవే.

మర్నాడు ఆఖరి దోమను కోశాడు. అవే కణాలు, నిన్నటికంటే పెద్దవి. అంటే అవి పెరుగుతున్నాయి. పెరుగుతున్నాయంటే ప్రాణమున్నవి. అసలు రుజువు ఈ రెండో దోమే అని నాకనిపిస్తుంది. లోకం జరుపుకునేది మాత్రం మొదటి దోమ రోజు. ఆగస్టు 20 ప్రపంచ దోమల దినం.

ఆ సంబరంలో ఆయన ఏం చేశాడో ఊహించగలరా? పద్యం రాశాడు.

గోడ మీది దోమను మొదట చూపించిందెవరో తెలుసా?

రాస్ కాదు. ఆ వారంలోనే ఆసుపత్రి అసిస్టెంటు ఒకాయన గోడ మీద వాలిన దోమను వేలుపెట్టి చూపించాడు. మామూలు దోమ గోడకు సమాంతరంగా వాలుతుంది. ఇది తల గోడకానించి తోక పైకెత్తి కూర్చుంది, గోడలో దిగిన ముల్లులాగ. అదే అనాఫిలిస్. మలేరియా దోమను గుర్తుపట్టాలంటే ఇవాళ్టికీ ఆరోగ్య కార్యకర్తలకు నేర్పే మొదటి గుర్తు ఆ తోకే. దోమ పిల్లల్ని నీళ్లతో సహా సీసాల్లో పట్టి తెచ్చిపెట్టింది కూడా స్థానిక నౌకర్లే.

ఆ అసిస్టెంటు పేరు? మరిచిపోయాననీ, అందుకు విచారిస్తున్నాననీ రాస్ తన ఆత్మకథలో రాసుకున్నాడు. ఏ దోమను ఏ రోజు ఏ గంటకు కోశాడో, ఎన్నో నంబరు దోమో అన్నీ రాసిపెట్టుకున్న మనిషి ఆయన.

అంత పెద్ద సంగతికి ఆధారం రెండే దోమలని?

1897 డిసెంబరు 18న బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన ఆ వ్యాసం శీర్షికలోనే రెండు దోమలని ఉంది. ఇంకెవరైనా అయితే పదో ఇరవయ్యో కోసేదాకా ఆగేవారు. ఆయనకు ఆగే వీలు లేకపోయింది. సెప్టెంబరులో సర్కారు ఆయన్ని రాజపుతానాలోని ఖేర్వాడాకు బదిలీ చేసింది. అక్కడ మలేరియా పెద్దగా లేదు. బదిలీ ఉత్తర్వుల తెలివితేటలు అప్పటినుంచీ పెద్దగా మారినట్టు లేదు.

మిగతా సగం కథ పిచ్చుకలదని?

దోమ కడుపులో క్రిమి పెరుగుతుందని తేలింది. మళ్లీ మనిషిలోకి ఎలా వస్తుంది? 1898 ఫిబ్రవరిలో కలకత్తాలో ప్రత్యేక డ్యూటీ దొరికింది. కానీ అక్కడ ప్లేగు భయం, టీకాల భయం. సూది పట్టుకున్న డాక్టరును చూస్తే జనం పరుగో పరుగు. వేలు గుచ్చనిచ్చే రోగి దొరకలేదు. దాంతో రాస్ పిట్టల మలేరియా మీద పడ్డాడు. మహమ్మద్ బక్స్ అనే సహాయకుడు పిచ్చుకల్ని పట్టడం, దోమల్ని పెంచడం చూసుకునేవాడు.

జులై మొదటి వారంలో గుట్టు వీడింది. కడుపు గోడ మీది కణం పగిలి సన్నని దారాల్లాంటి క్రిములు బయటికొచ్చి, దోమ ఒళ్లంతా తిరిగి, చివరికి లాలాజల గ్రంథుల్లో చేరుతున్నాయి. దోమ కుట్టేముందు నెత్తురు గడ్డకట్టకుండా ఉమ్ము దింపుతుంది కదా, క్రిమి ఆ ఉమ్ముతోనే దిగుతుంది. జబ్బు దోమల చేత కుట్టిస్తే ఆరోగ్యంగా ఉన్న పిచ్చుకలకు మలేరియా వచ్చింది. నీళ్లు తాగితే వస్తుందన్న మాన్సన్ మాట అక్కడితో పోయింది. ఆ నెలలోనే ఎడిన్‌బరోలో వైద్యుల సభ ముందు ఈ కబురు చదివి వినిపించింది ఆ మాన్సనే. తన తప్పు బయటపడిన రోజున అంత సంబరపడిన గురువు అరుదు.

ఇటలీవాళ్లు ఇప్పటికీ ఇంకో పేరు చెబుతారని?

జొవాన్ని బత్తిస్త గ్రాస్సి. మనిషి మలేరియాను మోసేది అనాఫిలిస్ జాతేనని, దోమలో దాని బతుకంతా మొదటినుంచి చివరిదాకా చూపింది 1898లో గ్రాస్సి, ఆయన సహచరులు. రాస్ మచ్చల రెక్కల దోమ అన్నాడే తప్ప జాతి పేరు చెప్పలేకపోయాడు. ఆయన పూర్తి చేసి చూపింది పిట్టల మలేరియా. ఇద్దరికీ పంచవలసిన 1902 నోబెల్ రాస్ ఒక్కడికే వచ్చింది. రాబర్ట్ కోచ్ అంతటివాడు గ్రాస్సికి అడ్డం తిరగడం కూడా అందుకు ఒక కారణం. బ్రిటన్‌కు అది తొలి నోబెల్, భారతదేశంలో పుట్టినవాళ్లకూ అదే తొలిది.

బహుమతి వచ్చాక కూడా రాస్ ఊరుకోలేదు. గ్రాస్సిని జీవితాంతం తిట్టాడు. వందకు పైగా ఉత్తరాలు రాసుకున్న గురువు మాన్సన్ మీద కూడా, ఆయనిచ్చిన ఒక సిఫారసు ఉత్తరం విషయమై 1912లో కోర్టు దాకా వెళ్లబోయాడు. మనిషిని మెచ్చుకోవడం కష్టం. పనిని మెచ్చుకోకుండా ఉండటం అంతకంటే కష్టం.

ఆయన అసలు వారసత్వం దోమ కాదు, లెక్క అని?

దోమే మలేరియా మోస్తుందని తేలగానే ఎదురు వాదన పుట్టింది. దేశంలో ఉన్న దోమలన్నిటినీ ఎవడు చంపగలడు? చంపలేనప్పుడు ఈ హంగామా దేనికి? లాహోరు దగ్గర మియాన్‌మీర్ కంటోన్మెంటులో కాలవలు పూడ్చి, గుంటలు పూడ్చి చూసి, ఇది అయ్యే పని కాదని కూడా తేల్చేశారు. దోమల్ని లెక్కపెట్టకుండా తేల్చిన లెక్క అదేం లెక్క అని రాస్ మండిపడ్డాడు.

అప్పుడు అక్కరకొచ్చింది మద్రాసు కొలువులో తీరిక వేళ నేర్చుకున్న గణితం. 1910లో వచ్చిన మలేరియా నివారణ గ్రంథంలో ఆయన లెక్క వేసిన తీరు ఇలా ఉంటుంది. ఒక ఊళ్లో ఒక రోగి ఉన్నాడు. ఆయన చుట్టూ 48 దోమలు. మనిషిని కుట్టే అవకాశం నాలుగింట ఒకదానికే దక్కుతుందనుకుందాం, అంటే 12. క్రిమి దోమలో ముదరడానికి వారం పది రోజులు పడుతుంది. దోమ బతుకే అంతంతమాత్రం, అన్నాళ్లూ బతికేవి మూడింట ఒకటి. మిగిలింది 4. వీటిలోనూ మళ్లీ మనిషిని కుట్టగలిగేది నాలుగింట ఒకటి. మిగిలింది 1. అంటే 48 దోమల శ్రమకు దక్కేది ఒక్క కొత్త రోగి.

ఇప్పుడు దోమల్ని సగం చేయండి. పాత రోగులు కోలుకునే వేగాన్ని కొత్త రోగులు అందుకోలేరు. జబ్బు దానంతటదే సన్నగిల్లి పోతుంది. దోమలన్నిటినీ చంపనక్కర్లేదు, ఒక మట్టం కిందికి దించితే చాలు. చూడ్డానికి వడ్డీవ్యాపారి చిట్టాలా ఉంటుంది. అంటువ్యాధుల గణితమంతా ఈ చిట్టా మీదే లేచింది.

ఎలాగంటే, 1901లో ఆయనతో సియెరా లియోన్ వెళ్లిన మెకెండ్రిక్ అనే యువ డాక్టరుకు ఈ లెక్కల పిచ్చి అంటింది. ఆ మెకెండ్రిక్, చూపు కోల్పోయిన రసాయనశాస్త్రజ్ఞుడు కెర్మాక్ కలిసి 1927లో రాసిన సమీకరణాలే ఇవాళ్టి అంటువ్యాధి నమూనాలకు పునాది. హిల్డా హడ్సన్ అనే గణితవేత్త 1917లో రాస్‌తో కలిసి పత్రాలు రాసింది. కోవిడ్ రోజుల్లో టీవీలో రోజూ విన్న మాట గుర్తుందా, ఒక రోగి ఎంతమందికి అంటిస్తాడు, ఆ సంఖ్య ఒకటి కంటే తగ్గిందా లేదా? ఆ ప్రశ్నకు తాత 48 దోమల లెక్కే.

తర్వాత 1950ల్లో జార్జ్ మెక్‌డొనాల్డ్ ఆ లెక్కను తిరగేసి చూశాడు. దోమల సంఖ్య తగ్గించడం కంటే దోమ ఆయుష్షు తగ్గించడం ఎన్నో రెట్లు లాభమని తేలింది. ఆ మూడింట ఒకటి అన్న మెట్టు మీదే దెబ్బ కొట్టాలన్నమాట. నెత్తురు తాగిన అనాఫిలిస్ ఎగరలేక గోడ మీద వాలుతుంది, కాబట్టి మందు గోడకే కొట్టాలి. డీడీటీ కొట్టేవాళ్లు ఊళ్లోకి వచ్చి, ఇంట్లో సామానంతా బయట పెట్టించి, గోడలన్నీ తెల్లగా తడిపి, తలుపు పక్కన తేదీ రాసి వెళ్లడం మీ ఇంట్లో పెద్దలకు గుర్తుండే ఉంటుంది. గోడకు అంత మర్యాద ఎందుకో అప్పుడెవరూ చెప్పలేదు. తోక పైకెత్తి కూర్చున్న ఆ దోమ కోసం.

నోబెల్ వచ్చిన మనిషి కాగితాలు అమ్ముకున్నాడని?

టీకా కనిపెట్టిన జెన్నర్‌కు బ్రిటన్ పార్లమెంటు రెండు విడతల్లో మొత్తం 30,000 పౌన్లు ఇచ్చింది. నాకేదీ అని రాస్ సర్కారుకు అర్జీ పెట్టుకున్నాడు. రాలేదు. 1928లో తన ఉత్తరాలు, నోటు పుస్తకాలు అమ్మకానికి పెట్టాడు. లేడీ హ్యూస్టన్ అనే సంపన్నురాలు 2,000 పౌన్లకు కొంది. హుసేన్ ఖాన్ అణాల లెక్క ఉన్న కాగితాలకు అంత ధర పలికిందన్నమాట.

ఇంకో చిన్న సంగతి. ఆయన ఆత్మకథకు 1923లో జేమ్స్ టెయిట్ బ్లాక్ స్మారక బహుమతి వచ్చింది. కవి కావాలనుకున్నవాడికి చివరికి ఒక సాహిత్య బహుమతి దక్కింది. డెబ్బై ఏళ్ల తర్వాత అమితవ్ ఘోష్ ‘కలకత్తా క్రోమోజోమ్’ నవలలో, అసలు సంగతి నౌకర్లకే ముందు తెలుసనీ, దొరకు కావాలనే అందించారనీ కల్పించాడు. కల్పనే. కానీ పేరు మరిచిపోయిన ఆ అసిస్టెంటును తలుచుకున్నప్పుడల్లా నవ్వొస్తుంది.

అమోయ్‌లో మొదలైన కథకు భీమవరంలో కొస ఉందని?

మాన్సన్ దోమ కడుపులో చూసిన ఫైలేరియా పురుగుకు మందు దొరకడానికి 70 ఏళ్లు పట్టింది. 1947లో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాల నుంచి హెట్రజాన్ బయటికొచ్చింది. అక్కడ పరిశోధనల పెద్ద యల్లాప్రగడ సుబ్బారావు, పుట్టింది భీమవరంలో. బోదకాలు ఎలా ఉంటుందో గోదావరి జిల్లాల మనిషికి పుస్తకంలో చదవక్కర్లేదు. ఆశా కార్యకర్తలు ఇంటింటికీ తెచ్చి మింగించే డీఈసీ మాత్ర అదే మందు. సొంత పేరు కోసం రాస్ చేసిన పోరులో నూరోవంతు కూడా సుబ్బారావు చేయలేదు.

హైదరాబాద్‌లో రాస్ పేరు రెండు చోట్ల ఉందని?

బేగంపేటలో ఆయన దోమను కోసిన భవనం ఉస్మానియా విశ్వవిద్యాలయం కింద రోనాల్డ్ రాస్ పరాన్నజీవశాస్త్ర సంస్థ అయింది. పాత విమానాశ్రయం దారిలో వెళ్లేవాళ్లలో దాన్ని తలతిప్పి చూసేవాళ్లు తక్కువ.

రెండోది నల్లకుంటలోని జ్వరాల ఆసుపత్రి. అంటురోగులను వేరుగా పెట్టే ‘క్వారంటైన్’ కోసం మొదలైన దవాఖాన అది. కాగితాల మీద దాని పూర్తి పేరు సర్ రోనాల్డ్ రాస్ ఉష్ణమండల, అంటువ్యాధుల సంస్థ. ఆటో ఎక్కి ఆ పేరు చెప్పి చూడండి, డ్రైవరు వెనక్కి తిరిగి మీ మొహం చూస్తాడు. ఫీవర్ హాస్పిటల్ అంటే తలూపుతాడు. ఆయన నగరంలో పాతవాడైతే, క్వారంటైన్‌ను నాలుకకు అనువుగా అరగదీసుకున్న మాట తనే అందిస్తాడు.

“కోరంటి దవాఖానా? ఎక్కండి.”